కనకక్కకు భూగోళం చూపించబోయిన రోజు

నేను అంతరిక్షానికి మూడుసార్లు పోయొచ్చాను. ఈ సంగతి మా కాశిబుగ్గలో అందరికీ తెలుసు. నా ఆటో ఎక్కినవాళ్లు హనుమకొండ చౌరస్తాలో దిగేలోపు కనీసం ఒక్క విడతైనా వినాల్సిందే. పైన చాయ్ గ్లాసులో నిలవదు. ఉండకట్టి గాలిలో తేలుతుంటుంది, దాన్ని నోటితో అందుకుని కొరుక్కు తినాలి. గంటన్నరకోసారి పొద్దు పొడుస్తుంది. ఒక్క రోజులో పదహారు పొద్దులు. పొద్దు పొడిచినప్పుడల్లా పళ్లు తోముకుని మొదటిరోజే నా చిగుళ్లు అరిగిపోయాయి. చాయ్ ఉండ, పదహారు పొద్దులు ఫోన్‌లో చూసి నేర్చుకున్నవి. చిగుళ్ల సంగతి మాత్రం నా సొంతం.

నా పేరు సారంగం, వయసు యాభై రెండు. మా అక్క కనకమ్మకు అరవై దాటింది. మా ఇంటి వెనక అర్రలోనే ఆమె మగ్గం. నలభై ఏండ్ల నుంచి జంపఖానాలు నేస్తోంది. నేత పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మగ్గం ముందు కూర్చున్న మనిషికి తను నేసే జంపఖానా మొత్తం ఎన్నడూ కనబడదు. కనబడేది చేతి కింద జానెడు మేర. నేసిన కొద్దీ బట్ట కింది దుంగకు చుట్టుకుపోతుంది. పువ్వు సగం పూసేసరికి మొదటి సగం చుట్టలోకి పోతుంది. పూర్తయి కోసిన రోజు విప్పి చూద్దామనుకుంటే, చేనేత సొసైటీ మనిషి అప్పటికే ట్రాలీ తెచ్చి వాకిట్లో నిలబడి ఉంటాడు.

అందుకేనేమో, నా కథల్లో ఆమెకు ఒక్కటే నచ్చేది.

"పైనకెళ్లి చూస్తే భూమి అంత ఒక్కపారే కనవడ్తదారా?"

"ఒక్కపారే అక్కా. విప్పి పరిచినట్టు."

"అంచులు గూడ?"

"అంచులు గూడ. అంచు పొంటి సన్నటి నీలం దారం ఉంటది. మనం పీల్చే గాలి అదే. గంతే ఉంటది, దారమంత."

వారానికోసారైనా ఇదే అడిగేది. ఇదే చెప్పేవాణ్ని.

మొన్న వానాకాలంలో అక్క గడపలు తన్నుకోవడం మొదలుపెట్టింది. పక్కన పెట్టిన చెంబును తన్నేది. ఎదురొచ్చిన మనిషిని గుద్దుకునేది. రేచీకటి చిన్నప్పటి నుంచే ఉంది కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. హనుమకొండలో కండ్ల డాక్టరుకు చూపిస్తే, పక్కచూపు దాదాపు మొత్తం పోయిందన్నాడు. కంటి వెనక తెర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోందట. ఇన్నేండ్లు ఎట్లా తెలియలేదని నన్ను కోప్పడ్డాడు. ఎట్లా తెలుస్తుంది? మగ్గానికి జానెడు చూపు చాలు. ఆ జానెడు మిగిలే ఉంది, ఆమె నేస్తూనే ఉంది. ఇంట్లో వాళ్లకు తెలియలేదు, ఆమెకూ తెలియలేదు. హైదరాబాదులో పెద్ద కంటి దవాఖానకు చీటీ రాసిచ్చి, జల్ది పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం అక్క ఏడవలేదు. "చూపు పోతె పోనీ గని, నువ్వు చెప్పే గా భూమిని ఒక్కపారి చూపెట్టురా. బొమ్మైనా సరే," అంది.

నా ఫోన్‌లో అలాంటి బొమ్మలు యాభై ఉన్నాయి. అప్పుడే తీసి చూపిస్తే ఐపోయేది. నేనే వద్దనుకున్నాను. "గీ ఫోన్ల చూసుడేంది అక్కా? హైదరాబాదుల గుమ్మటం అసొంటి హాలున్నది. నెత్తి మీద మొత్తం ఆకాశమే. పైనుంచి తీసిన అసలు సినిమా ఏస్తరు. పెద్దగ చూపెడ్త," అన్నాను. నాకు ఏదైనా పెద్దగానే కావాలి. చిన్నగా చెప్పడం నాకు రాదు.

దవాఖాన అపాయింట్‌మెంట్ రెండు గంటలకు. కండ్లలో చుక్కలు వేస్తే సాయంత్రం దాకా అంతా మసకే అని తెలిసినవాళ్లు చెప్పారు. అందుకని ముందు సినిమా, తరువాత దవాఖాన. ఆ లెక్క వేసినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

వరంగల్ స్టేషన్‌లో ఆరు నలభైకి బండి. అన్ని స్టేషన్లలో ఆగే బండి. కిటికీ పక్కన సీటు కావాలంటే అరగంట ముందు వచ్చి ప్లాట్‌ఫాం చివరిదాకా నడవాలి. చలికాలం, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వంతెన మెట్ల మీద అక్క నా మోచేయి పట్టుకుని మెట్టు మెట్టుకూ కాలితో వెతుక్కుంది. వెనక నుంచి ఎవరో "జర జల్ది కదలున్రి" అన్నారు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది.

కాజీపేట దాటాక వెలుగొచ్చింది. అక్కను కిటికీ వైపు కూర్చోబెట్టాను. పత్తి ఏరిన చేన్లు, మధ్యమధ్య గుట్టలు. ఆమె కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంది గానీ తల ఊరికే ఉండడం లేదు. చేను మీది నుంచి గుట్ట మీదికి, గుట్ట మీది నుంచి తీగల మీదికి తల తిప్పుతూనే ఉంది. ఆమె ఒక్కొక్క ముక్కగా ఏరుకుంటోందని నాకు అప్పుడు తట్టలేదు. సంబురపడుతోంది అనుకున్నాను.

రఘునాథపల్లిలో ముసలి దంపతులు ఎక్కారు. చిక్కుడుకాయల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. ముసలాయన మాటల మనిషి.

"యాడికి తమ్మీ, అక్కాతమ్ముండ్లిద్దరు?"

"అక్కకు భూగోళం చూపెట్టడానికి. నేను పైకి పోయినప్పుడు చూసిన. ఆమె చూడలే."

"పైకంటే?"

"రాకెట్ల."

ముసలమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "మరి గాడ గాలిల తేలుకుంట ఉంటరంట గద బిడ్డా. ఒంటికి రెంటికి ఎట్ల?"

"గొట్టం ఉంటదవ్వా. అదే గుంజుకుంటది. ఒకపారి నన్ను గూడ సగం గుంజింది, మా పక్కోడు కాళ్లు పట్టి ఇవతలికి లాగిండు."

రైలు డబ్బాలో అటుపక్క కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. అక్క కిటికీ దిక్కు నుంచి తిరగకుండానే, "వాడు చెప్పేటియి సగం తీసేసి ఇనాలె అవ్వా. మిగిలిన సగం గూడ అనుమానమే," అంది.

ముసలాయన మాత్రం నవ్వలేదు. "పైనకెళ్లి మా ఊరి మీదికెళ్లి పోయినవా? భూమిల నీళ్లు ఏడున్నయో ఆడికెళ్లి కనవడ్తదా?"

"ఎందుకు కనవడది?"

"మరి చెప్పకపోతివి. మూడు బోర్లు ఏసినం. మూడు పోయినయి."

ఆ మాటకు నా దగ్గర కథ లేదు. ముసలమ్మ గుప్పెడు చిక్కుడుకాయలు తీసి అక్క కొంగులో పోసింది. "కండ్లకు మంచిది," అంది. ఆమెకు ఎట్లా తెలిసిందో.

తొమ్మిదీ యాభైకి సికింద్రాబాదు. స్టేషన్ బయట ఆటోవాళ్లు మీద పడతారు. నేనూ ఆ వృత్తిలోనే ఉన్నానని చెప్పినా ధర తగ్గించలేదు, ఇంకో పది పెంచారు. పదకొండు కాకముందే ఆ హాలు దగ్గర ఉన్నాం. తెలుగు ఆట పదకొండున్నరకు. పిల్లల బడి బస్సులు వస్తే టికెట్లు దొరకవు, ముందే చేరుకోవడం మంచిది.

గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన, తెల్ల గడ్డం, మెడకు మఫ్లర్. అక్కను చెయ్యి పట్టి నడిపించడం చూసి, "అమ్మను యెనక వరసల కూసోబెట్టు భాయ్. యెనకకెళ్లి మంచిగ కనవడ్తది," అన్నాడు.

"వరంగల్ కెళ్లి వచ్చినం సాబ్, వెనక కూసోనీకా? నట్టనడుమ కావాలె."

"నీ మర్జీ," అన్నాడు.

నట్టనడుమ కూర్చోబెట్టాను. అప్పటికే అక్కడ కూర్చున్న ఒకాయనకు, నేను ఈ సినిమా తీసినవాళ్లలో ఒకణ్నని చెప్పి లేపాను. కుర్చీలు వెనక్కి వాలతాయి, పడుకుని పైకి చూడొచ్చు. అక్క కొంగు సర్దుకుని, పెండ్లికి వచ్చినట్టు ఒద్దికగా పడుకుంది.

లైట్లు మెల్లగా తగ్గాయి. అక్క చెయ్యి నా చేతి మీదికి వచ్చింది. గుమ్మటం నిండా చుక్కలు పొడిచాయి. తరువాత ఒక పక్క నుంచి భూమి లేచింది.

ఎట్లా చెప్పాలి? ఇన్నేండ్లు నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆ నిజం ముందు ఎంత పిసినారివో అప్పుడు తెలిసింది. ఆ నీలం నేను ఏ చీరలోనూ, ఏ రంగు తొట్టిలోనూ చూడలేదు. మార్కెట్ యార్డులో పత్తి పోసినట్టు మబ్బులు, వాటి నీడలు సముద్రం మీద. ఒకచోట మబ్బుల లోపల మెరుపులు, వెల్డింగ్ షాపులో వచ్చినట్టు చిటుక్కు చిటుక్కున. ఎక్కడా గీత లేదు, హద్దురాయి లేదు. అంచు పొంటి గాలి, నిజంగానే దారమంత. నా కండ్లలో నీళ్లు తిరిగాయి.

"కనవడ్తాందా అక్కా?"

"నీలం కనవడ్తాంది."

"అగో, గదే."

"ఏదిరా? గుండ్రం ఏది?"

"నీ ముంగటనే ఉన్నది."

ఆమె తల ఎడమకు తిప్పింది. పైకెత్తింది. కుడికి తిప్పింది. "ఈడ తెల్లగున్నది. మళ్ల నీలం. అంచు ఏడున్నదిరా?"

నేను ఆమె గడ్డం పట్టుకుని అంచు వైపు తిప్పాను. తిప్పేలోపు భూమి కదిలిపోయింది.

"గిప్పుడు?"

"నల్లగున్నది."

మళ్లీ తిప్పాను. మళ్లీ నీలమే అంది. ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి, "సినిమా చూడనియ్యున్రి జర," అని విసుక్కుంది. ఇంతలో సినిమాలో రాత్రి అయింది. చీకటి భూమి మీద ఊర్ల దీపాలు, బూడిద మీద ఊదితే లేచే రవ్వల్లాగా. హాలంతా "ఓ" అన్నది. రేచీకటి మనిషికి అదంతా ఒట్టి చీకటి. అక్క నా చెయ్యి వదిలేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కండ్లు తెరుచుకునే, చివరిదాకా అట్లాగే పడుకుంది.

నేను చెప్పి ఉండొచ్చు. అంత కథలు చెప్పే నోరు. పక్కనే ఉన్నాను, చెవిలో చెప్పొచ్చు. నోరు రాలేదు. ఆమె కూడా అడగలేదు.

లైట్లు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఐపోయిందా?" అంది అక్క.

బయటికి వస్తుంటే గడ్డం పెద్దాయన, "యెట్లుండె అమ్మా?" అని అడిగాడు.

"మంచిగుండె సాబ్."

చెట్టు కింద సిమెంటు బెంచీ మీద టిఫిన్ డబ్బా విప్పాం. జొన్నరొట్టె, పచ్చి పులుసు, అవ్వ ఇచ్చిన చిక్కుడుకాయలు పచ్చివే నాలుగు. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు. సగం రొట్టె తిన్నాక అక్క అడిగింది.

"నిజంగ గంత పెద్దగుంటదా అది?"

"ఇంకా పెద్దగుంటది."

"మరి మనుషులు ఎట్ల చూస్తర్రా?"

"దూరం పోయి చూస్తరు."

కొంచెంసేపు నమిలింది. "ఐతే మనం దగ్గెరికి వచ్చినట్టున్నం," అంది.

రెండు గంటలకు దవాఖాన. చీటీ రాయించుకునే వరస పొడుగు, కూర్చోవడానికి కుర్చీలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి. ముందు చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష. తెల్లటి డొల్ల, చిన్న గుమ్మటం లాంటిది, అందులో తల పెట్టించారు. లోపల అక్కడక్కడ మెరిసే వెలుగు చుక్క కనబడ్డప్పుడల్లా మీట నొక్కాలి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చుక్కలు మెరుస్తూనే ఉన్నాయని మిషన్ చప్పుడు చెబుతోంది. అక్క బొటనవేలు మీట మీద సిద్ధంగా ఉంది. కదలడం లేదు. ఎప్పుడో ఒకసారి నొక్కుతుంది, మళ్లీ ఆగుతుంది. "నొక్కు అక్కా," అని అరవాలనిపించింది.

ఆ తరువాత కండ్లలో చుక్కలు వేసి, కంటి లోపల చూశారు. డాక్టరు చిన్న వయసు ఆవిడ, నెమ్మదస్తురాలు. పరీక్ష కాయితం నా ముందు పెట్టింది. కాయితమంతా నల్లగా ఉంది. నట్టనడుమ కందిగింజంత తెలుపు.

"ఈ తెల్లటి భాగంలోనే అమ్మ చూస్తున్నారండి. చుట్టూ ఉన్న నలుపంతా పోయిన చూపు."

"మందు ఏమన్న ఉన్నదా మేడం?"

"పోయినదాన్ని తెచ్చే మందు ఇప్పటికైతే లేదు. ఈ మధ్య నడుమ భాగంలో కూడా వాపు మొదలైంది. చుక్కల మందు రాస్తాను. కానీ ఆ గింజ కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేను."

నాకు ఎప్పుడూ ఏదో ఒకటి తోస్తుంది. పోలీసు ఆపినా, పెండ్లిలో వంట తక్కువైనా, ఏదో ఒకటి అని నవ్విస్తాను. అక్కడ మాత్రం పొద్దున సినిమాకు తీసుకుపోయానని, ఆమె గుండ్రం ఏది అని వెతికిందని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరికో ఒకరికి చెప్పాలి.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "అంత పెద్దది ఎందుకు చూపించారండీ? చూపు ఇరుకైనవాళ్లకు బొమ్మ ఎంత పెద్దదైతే అంత తక్కువ కనబడుతుంది. చిన్న ఫోటో, మూరెడు దూరంలో పట్టుకుంటే మొత్తం కనబడేది. మీ ఫోన్ సరిపోయేది."

అక్క పక్కనే ఉంది. వింటూనే ఉంది. "పోనీయ్ మేడం. వానికి పెద్దగ చూపెట్టాలని," అంది.

"మరి ఇప్పుడు చూపెట్టొచ్చా?" అని నేనడిగాను.

"చుక్కలు వేశాం కదా, ఇవాళ మసకే. వాపు కూడా ఉంది. రేపు చూడండి. ఎంత కనబడుతుందో నేను మాట ఇవ్వలేను."

ఐదున్నరకు సికింద్రాబాదు స్టేషన్. ఆ వేళకు ఆఫీసులు వదులుతాయి, డబ్బాలో నిలబడడానికే జాగా దొరకదు. దవాఖానలో ఇచ్చిన నల్ల అద్దాలు పెట్టుకున్న అక్కను చూసి ఒక కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. చర్లపల్లి దాటాక నాకూ పక్కన కొంచెం జాగా దొరికింది. భువనగిరి దగ్గర చీకటి పడింది. డబ్బాలో ట్యూబులైట్లు వెలిగాయి.

"సారంగం," అంది అక్క. "గా డాక్టరమ్మ చెప్పినట్టు చూపెట్టు జర."

"ఇయ్యాల మసక ఉంటదన్నది గద అక్కా. పొద్దుగాల చూద్దాం."

"పొద్దుగాల ఏమైతదో. చూపెట్టు."

నల్ల అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను ఫోన్‌లో బొమ్మ తీశాను. నల్లటి ఆకాశంలో గుండ్రంగా, పూర్తిగా, నాలుగు పక్కలా అంచులతో ఉన్న భూమి. చెయ్యి చాపి సరిగ్గా మూరెడు దూరంలో పట్టుకున్నాను. బండి ఊగుతోంది, ఫోన్ జారకుండా బిగించి పట్టుకున్నాను. నేను బొమ్మను చూడడం లేదు, అక్క మొఖాన్నే చూస్తున్నాను.

ఆమె కండ్లు చికిలించింది. తల కొంచెం వెనక్కి తీసుకుంది. చాలాసేపు కదలలేదు.

"కనవడ్తాందిరా," అంది.

"నిజంగనా?"

"ఆ. గుండ్రంగ. మొత్తం ఒక్కపారే. నీలంగ, మీద తెల్లగ మబ్బులు. అంచు పొంటి గూడ సన్నగ ఉన్నది, నువ్వు చెప్పినట్టే." మొఖం నిండా నవ్వింది. "అబ్బ, ఎంత మంచిగున్నదిరా!"

సీటిచ్చిన పిల్ల కూడా నవ్వింది. ఆమె చూస్తున్నది నేనూ చూద్దామని ఫోన్ వైపు వంగాను.

తెర నల్లగా ఉంది. బిగించి పట్టుకున్నప్పుడు పక్కమీట ఒత్తుకుపోయి ఎప్పుడో ఆరిపోయింది. ఆ నల్లటి అద్దంలో పైనున్న ట్యూబులైటు ఒక్కటి తెల్లగా ఊగుతోంది.

అబద్ధం చెప్పడంలో నన్ను మించినవాడు కాశిబుగ్గలో లేడనుకునేవాణ్ని. తెర వెలిగించి చూపిద్దామా అనుకున్నాను. బొటనవేలు మీట మీదికి పోయింది కూడా. వెలిగించాక ఆమె మొఖంలో ఏ మార్పూ రాకపోతే? ఆ సంగతి తెలుసుకునే ధైర్యం నాకు లేదు. వేలు వెనక్కి తీసుకున్నాను.

"అక్కా, మన దిక్కు కనవడ్తాందా?"

"కనవడ్తాంది. నడుమల్నే ఉన్నది. జరసేపు గట్లనే పట్టు, తియ్యకు."

ఆలేరు దాటింది. జనగామ దాటింది. పోదామనుకునేవాళ్లు ఈ బండికే తిరిగి రండి, తొమ్మిది లోపే ఇల్లు చేరొచ్చు. అంతకు మించి ఈ ప్రయాణం గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఘన్‌పూర్ వచ్చేసరికి నా భుజం గుంజడం మొదలుపెట్టింది. అక్క కండ్లార్పకుండా చూస్తూనే ఉంది. నేను రెండో చెయ్యి ఆసరా పెట్టి, ఆ ఆరిపోయిన ఫోన్‌ను మూరెడు దూరంలోనే పట్టుకుని కూర్చున్నాను.